సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవడం లేదు: ఫ్యూయల్ పంపు రిలేను వెతికి పరీక్షించే పద్ధతి

తిరుపతిలో ఎండలు ముదిరాయంటే మెకానిక్ షెడ్లకు ఒకే రకం ఫిర్యాదు వరుస కడుతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, బండి మాత్రం అందుకోవడం లేదు. అరగంట నీడలో నిలిపితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది, రేణిగుంట రోడ్డులో రెండు సిగ్నళ్లు దాటాక మళ్లీ మొరాయిస్తుంది. దీనికి చాలా చోట్ల సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది: ‘పెట్రోలు పంపు పోయింది స్వామీ, మార్చాల్సిందే.’ పంపు మార్చాలంటే వెనక సీటు ఎత్తాలి, కొన్ని బళ్లలో ట్యాంకే దించాలి, బిల్లు వేలల్లోకి వెళుతుంది. పోయింది నిజంగా పంపే కావచ్చు. కానీ ఆ పంపుకు కరెంటు అందించే అంగుళం సైజు రిలే ఒకటుంది, దాని ధర వందల్లోనే ఉంటుంది. రిలేను పరీక్షించకుండా పంపు విప్పుతానన్నవారి చేతికి బండి ఇవ్వకండి. ఆ పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఓల్టులు, ఓమ్స్ (కరెంటుకు ఎదురయ్యే నిరోధం) కొలిచే మల్టీమీటర్ ఒకటి, ఒక హెడ్‌లైట్ బల్బు, కొంచెం వైరు, ఓపిక ఉంటే చాలు.

ఇక్కడ చెప్పేదంతా ఇంజెక్షన్ పెట్రోలు బళ్ల గురించి. కార్బురేటర్ కాలపు కార్లలో చాలావాటికి ఇంజిన్ తిప్పే మెకానికల్ పంపు ఉండేది, వాటికి ఈ రిలే బెడద లేదు. పాత డీజిల్ బళ్ల లెక్కా వేరే.

రిలే చేసే పని

చిత్తూరు వైపు పల్లెల్లో బోరు మోటారు స్టార్టర్ డబ్బా చూడనివారు తక్కువ. పచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్ అయస్కాంతమై కాంటాక్టులను టక్కున లాక్కుంటుంది. మోటారు తాగే భారీ కరెంటు ఆ కాంటాక్టుల గుండా పోతుంది, బటన్ మీద పడే భారం మాత్రం స్వల్పమే. కారులో రిలే ఇదే పనిని 12 ఓల్టుల మీద చేస్తుంది. కాయిల్‌కు కావలసింది దాదాపు 0.15 ఆంపియర్లు. దాని ఆజ్ఞతో పంపుకు వెళ్లే కరెంటు సాధారణంగా 4 నుంచి 7 ఆంపియర్లు.

ఆజ్ఞ ఇచ్చేది ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్. తాళం ఆన్ చేయగానే అది రిలేను రెండు మూడు సెకన్లు పనిచేయించి, పైపుల్లో పెట్రోలు ఒత్తిడి నింపి ఆపేస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సార్ నుంచి సంకేతం వస్తేనే మళ్లీ ఆన్ చేస్తుంది. ప్రమాదంలో ఇంజిన్ ఆగిపోతే పంపు పెట్రోలు చిమ్ముతూ ఉండకూడదని ఈ ఏర్పాటు. రెండు మూడు సెకన్లేనన్న సంగతి గుర్తుంచుకోండి. మీటరు పట్టుకుని తీరిగ్గా చూస్తే ఏమీ కనిపించదు, రిలే పోయిందని పొరబడతారు.

అనుమానం సరైనదేనా

మొదట పెట్రోలు చూడండి. నవ్వుకోకండి. ట్యాంకు అడుగంటిన బండి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడో, భాకరాపేట మలుపుల్లోనో ఉన్న కాస్త పెట్రోలు ఒక పక్కకు ఒరిగిపోయి పంపు గాలి పీలుస్తుంది. సమతల నేల మీదికి రాగానే బాగైపోతుంది, దోషం పాపం రిలే మీద పడుతుంది. పంపును చల్లబరిచేది కూడా ట్యాంకులోని పెట్రోలే కాబట్టి ఎప్పుడూ రిజర్వు మీద నడిపితే పంపు ఆయుష్షు తగ్గుతుంది.

తర్వాత చెవి. ఒకరు తాళం ఆన్ చేయాలి, సెల్ఫ్ కొట్టకూడదు. మరొకరు వెనక సీటు మీద చెవి ఆనించాలి, లేదా పెట్రోలు పోసే మూత తీసి వినాలి. రెండు మూడు సెకన్లు సన్నగా ‘జుయ్’మని మోత వచ్చి ఆగితే పంపుకు కరెంటు అందుతోంది, ఆ క్షణానికి రిలే నిర్దోషి. మోత లేకపోతే ముందుకు వెళ్దాం. బస్టాండు దగ్గర ఈ పరీక్ష పెట్టుకోకండి, ఆ రణగొణలో ఏమీ వినపడదు.

డ్యాష్‌బోర్డు మీద దీపాలనూ చూడాలి. తాళం ఆన్ చేసినా చెక్ ఇంజిన్ దీపం అసలు వెలగకపోతే ఈసీయూకే కరెంటు అందడం లేదేమో. అప్పుడు అనుమానించాల్సింది ఫ్యూయల్ పంపు రిలేను కాదు, ఈసీయూకు కరెంటు అందించే మెయిన్ రిలేను లేదా దాని ఫ్యూజును. తాళంచెవి బొమ్మ టపటపా మెరుస్తుంటే దొంగతాళంతో బండి స్టార్టవకుండా ఆపే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తించలేదు. సెల్ఫ్ తిరుగుతుండగా ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదలకపోతే క్రాంక్ సెన్సార్ మీద కన్నేయండి. అది కూడా వేడెక్కితే పోయి, చల్లారితే వచ్చే రకమే. లక్షణాలు రిలేవే అనిపిస్తాయి, అందుకే ఇన్ని గొడవలు.

కొన్ని ఫోర్డ్ కార్లలో ఢీకొన్నప్పుడు పంపును ఆపే ఇనర్షియా స్విచ్చు ఉంటుంది. గట్టి కుదుపుకూ అది పడిపోవచ్చు. పైనున్న బటన్ నొక్కితే మామూలైపోతుంది.

డబ్బా ఎక్కడ, అందులో రిలే ఏది

ఎక్కువ బళ్లలో రెండు ఫ్యూజు డబ్బాలుంటాయి. ఒకటి బానెట్ కింద బ్యాటరీ పక్కన, నల్ల ప్లాస్టిక్ మూతతో. రెండోది లోపల, స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గరో, ఎడమ పక్క గ్లోవ్ బాక్సు వెనకో. ముందు బానెట్ కింది డబ్బా చూడండి. మూత తిరగేస్తే లోపలివైపు పటం ముద్రించి ఉంటుంది. ‘ఫ్యూయల్ పంప్’, ‘ఎఫ్/పంప్’, ‘ఎఫ్‌పీ’ వంటి పేర్ల కోసం వెతకండి. కొన్నింట్లో పేరుకు బదులు పెట్రోలు బంకు బొమ్మ ఉంటుంది. మూత మారిపోయిన పాత బళ్లు, ముఖ్యంగా చేతులు మారుతూ వచ్చిన పాత ఏపీ 03 నంబరు కార్లు, ఉంటే పటాన్ని నమ్మకండి. బండితో ఇచ్చిన పుస్తకంలో మీ మోడల్, మీ సంవత్సరం పేజీ చూడండి. ఒకే పేరున్న కారుకు పెట్రోలు రకంలో ఒక చోట, డీజిల్ రకంలో మరో చోట రిలేలు ఉండొచ్చు.

పటం ఏమీ దొరకలేదా? వేలితో పట్టుకోవచ్చు. అనుమానం ఉన్న రిలే మీద వేలు ఆనించి ఉంచండి, తోడున్నవారిని తాళం ఆన్ చేయమనండి. పంపు రిలే వెంటనే ఒకసారి ‘టిక్’మని కొట్టుకుని, రెండు మూడు సెకన్ల తర్వాత మరోసారి కొట్టుకుంటుంది. ఆ రెండో టిక్కే గుర్తు. మెయిన్ రిలే అయితే ఒకసారి పడి తాళం ఆఫ్ చేసేదాకా అలాగే ఉంటుంది. అయితే ఈ ఉపాయం రిలే కాయిల్, దానికి వచ్చే ఆజ్ఞ బాగున్నప్పుడే పనిచేస్తుంది.

కొన్ని కొత్త బళ్లలో పీకడానికి రిలే ఉండదు. డబ్బా లోపలి బోర్డుకే అతికించి ఉంటుంది, లేదా పంపు వేగాన్ని పెంచి తగ్గించే ప్రత్యేక మాడ్యూల్ ఉంటుంది. టర్బో పెట్రోలు బళ్లలో ఇది ఎక్కువ. అలాంటి బండి మీద కింద చెప్పే వైరు ప్రయోగాలు వద్దు. పంపు ఫ్యూజు దగ్గర కరెంటు వస్తోందో లేదో చూసి ఆపేయండి.

ఫ్యూజు, ఆ తర్వాత రిలే మార్చి చూడడం

పని మొదలుపెట్టే ముందు బండి చుట్టూ ఒకసారి వాసన చూడండి. పెట్రోలు కారుతున్నట్టు అనిపిస్తే ఈ పని వద్దు. పక్కన బీడీ, సిగరెట్ కాల్చేవారు ఉండకూడదు. మూసిన గ్యారేజీలో కాకుండా ఆరుబయట చేయండి. రిలే, ఫ్యూజు పీకేటప్పుడు, పెట్టేటప్పుడు తాళం ఆఫ్‌లో ఉండాలి.

పంపు ఫ్యూజు తీసి వెలుతురులో చూడండి. కంటికి బాగున్నా మీటరుతో ఒకసారి సరిచూడటం మేలు. కాలి ఉంటే అదే సైజుది వేయండి, 15 బదులు 30 కాదు. కొత్తది కూడా వెంటనే కాలితే పంపో, వైరింగో షార్టయినట్టు, రిలే చర్చ అక్కడితో ముగిసింది.

ఫ్యూజు బాగుంటే అన్నిటికన్నా సులువైన పరీక్ష: అదే డబ్బాలో అచ్చంగా అదే నంబరున్న మరో రిలేను తెచ్చి పంపు స్థానంలో పెట్టడం. హారన్, ఏసీ, హెడ్‌లైట్ రిలేలు చాలా బళ్లలో ఒకే రకంవి. ఆకారం కలిస్తే చాలదు. పైనున్న నంబరు, పిన్నుల సంఖ్య, పక్కన గీసిన చిన్న సర్క్యూట్ బొమ్మ కలవాలి. లోపల డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే చిన్న భాగం) ఉన్న రిలే, లేని రిలే పైకి కవలల్లా కనిపిస్తాయి.

ఏది అరువు తెచ్చుకోవాలన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. ఊళ్లో అయితే హారన్ రిలే. తిరుమల ఘాట్‌లో అయితే హారన్ జోలికి పోకండి. ఎక్కడానికి 1974లో తెరిచిన రెండో రోడ్డు, దిగడానికి 1944 నాటి మొదటి రోడ్డు కాబట్టి ఎదురు వాహనాలు లేకున్నా మలుపు మలుపుకూ హారన్ అవసరం పడుతుంది. అక్కడ ఏసీ రిలే తీసుకోండి, చెమట పట్టినా పరవాలేదు. రేడియేటర్ ఫ్యాన్ రిలేను మాత్రం ఎక్కడా ముట్టుకోకండి, చిన్న జబ్బు తీర్చబోయి ఇంజిన్ ఉడకబెట్టినట్టవుతుంది.

మార్చగానే బండి స్టార్టయితే రిలేయే దొంగ అని తొంభై పాళ్లు తేలినట్టే. మిగతా పది పాళ్లు సాకెట్‌ది. పీకి పెట్టడంలోనే వదులైన పిన్ను మళ్లీ తగులుకుని బాగైనట్టు కనిపించవచ్చు. పాత రిలేను తిరిగి పెట్టి చూడండి. దానితోనూ స్టార్టయితే జబ్బు సాకెట్‌లో ఉండొచ్చు.

సాకెట్ దగ్గర మీటరు

రిలే పీకి దాని అడుగు చూడండి. పిన్నుల పక్కన అంకెలుంటాయి. 85, 86 కాయిల్‌వి. 30కి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది, 87 నుంచి పంపుకు పోతుంది. అయిదో పిన్ను ఉంటే అది 87ఏ, దానికి పంపుతో సాధారణంగా సంబంధం ఉండదు. చిన్న సైజు రిలేల మీద 1, 2, 3, 5 అని ఉండొచ్చు. అప్పుడు 1, 2 కాయిల్, 3, 5 కాంటాక్టులు. అసలు అంకెలే లేకపోతే మీటరును ఓమ్స్‌లో పెట్టి ఏ రెండు పిన్నుల మధ్య 100కు అటూ ఇటూగా చూపుతుందో చూడండి, అవే కాయిల్.

సాకెట్ వైపు వచ్చేసరికి స్థానాలు అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు మారతాయి. చాలామంది తడబడేది ఇక్కడే. రిలేను సాకెట్ పైన దిగాల్సిన దిశలోనే పట్టుకుని ఏ పిన్ను ఏ రంధ్రంలోకి దిగుతుందో చూసి కాగితం మీద గీసుకోండి.

మీటరు మొనను రంధ్రంలోకి బలంగా దోయకండి. లోపలి ఇత్తడి రేకులు విచ్చుకుంటే రిలే పిన్ను వదులవుతుంది. లేని జబ్బు తెచ్చుకున్నట్టు. రేకు అంచుకు మొనను తాకించండి చాలు.

మీటరు నల్ల వైరును బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, ఎర్ర వైరుతో 30 రంధ్రాన్ని తాకండి. బ్యాటరీలో ఎంత ఉందో అంత రావాలి, మంచి బ్యాటరీ అయితే సుమారు 12.6 ఓల్టులు. కొన్ని బళ్లలో తాళం ఆన్ చేస్తేనే ఇక్కడికి కరెంటు వస్తుంది. రాకపోతే లోపం రిలేకు వెనక ఉంది: ఫ్యూజు, మెయిన్ రిలే, వైరు.

తర్వాత కాయిల్ రంధ్రాలు. మీటరు రెండు మొనలను 85, 86 రంధ్రాలకు తాకించి పట్టుకోండి, తోడున్నవారు తాళం ఆన్ చేయాలి. రెండు మూడు సెకన్లు 12 ఓల్టుల చుట్టుపక్కల చూపి పడిపోతే ఈసీయూ ఆజ్ఞ ఇస్తోంది. సెల్ఫ్ కొడుతుండగా కూడా చూపాలి, సెల్ఫ్ లాగుడికి కాస్త తగ్గినా సరే. తాళం ఆన్‌కు వచ్చి, సెల్ఫ్ కొట్టేటప్పుడు రాకపోతే మళ్లీ క్రాంక్ సెన్సార్ దగ్గరికే వెళ్లాలి. ఈ రంధ్రాల్లో పాతకాలపు బల్బు టెస్టర్ పెట్టకండి. అది లాగే కరెంటును ఈసీయూ లోపలి సున్నితమైన స్విచ్చు తట్టుకోకపోవచ్చు.

రిలేను చేతిలోకి తీసుకుని

కాయిల్ పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. 60 నుంచి 120 మధ్య ఉంటే మామూలే. మీటరు అసలు కదలకపోతే కాయిల్ తెగింది. 30, 87 మధ్య ఏమీ చూపకూడదు. చూపితే కాంటాక్టులు అతుక్కుపోయాయి. 30కి ఎప్పుడూ కరెంటు ఉండే బండిలో అలాంటి రిలే ఉంటే తాళం తీసేసినా పంపు తిరుగుతూనే ఉంటుంది, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది.

ఇప్పుడు 86కు బ్యాటరీ పాజిటివ్, 85కు నెగటివ్ ఇవ్వండి. డయోడ్ ఉన్న రిలేకు తిరగేసి ఇస్తే డయోడ్ కాలుతుంది, కాబట్టి ఈ వరుస తప్పకండి. అంకెలు వేరే రకంవైతే పక్కనున్న బొమ్మ చూసుకోండి. టక్కుమని శబ్దం వస్తుంది. చాలామంది అక్కడితో ‘రిలే బాగుంది’ అని తీర్పు చెప్పేస్తారు. నాకు ఒళ్లు మండేది ఈ తీర్పుకే. శబ్దం చెప్పేది కాయిల్ లాగుతోందని మాత్రమే. కాంటాక్టులు నల్లగా మాడిపోయినా శబ్దం అంతే ఠీవిగా వస్తుంది. ఓమ్స్ మీటరు కూడా ఇక్కడ మోసం చేస్తుంది. అది పంపేది అతి చిన్న కరెంటు, మాడిన కాంటాక్టులో మిగిలిన ఒక్క మెరిసే చుక్క దానికి సరిపోతుంది. పంపు అడిగే 5 ఆంపియర్లు ఆ చుక్క మోయలేదు.

అందుకే లోడు పెట్టాలి. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసుకోండి, అది సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, పంపుకు దగ్గరగా. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజున్న వైరుతో 30కి, 87 నుంచి బల్బుకు, బల్బు నుంచి బ్యాటరీ నెగటివ్‌కు. కాయిల్‌కు కరెంటు ఇస్తే బల్బు పూర్తి కాంతితో వెలగాలి. అలా వెలుగుతుండగానే మీటరును డీసీ ఓల్టుల్లో పెట్టి 30, 87 పిన్నుల మీద ఉంచండి. 0.2 ఓల్టుల లోపు ఉంటే కాంటాక్టులు ఆరోగ్యం. 0.5, ఆ పైన చూపితే టక్కుమన్నా కుక్కుమన్నా ఆ రిలే పనికిరాదు. బల్బు రెండు మూడు నిమిషాలు వెలగనివ్వండి. రిలే గోరువెచ్చగా కావచ్చు, చెయ్యి పెట్టలేనంత కాలకూడదు. బల్బు గాజు మాత్రం నిప్పులా కాలుతుంది, ప్లాస్టిక్ మీద పెట్టకండి.

పంపుకు నేరుగా కరెంటు

రిలే బాగుంది, సాకెట్‌కు ఆజ్ఞ వస్తోంది, పంపు మాత్రం మూగగా ఉంది. అప్పుడు సాకెట్‌లో 30, 87 రంధ్రాలను మధ్యలో ఫ్యూజున్న వైరుతో కలిపి, తాళం ఆన్ చేయాలి. ఆ ఫ్యూజు కారులో పంపు ఫ్యూజు ఎంతో అంతే ఉండాలి. పంపు మోగితే ట్యాంకు వైపు వైరింగ్ బాగున్నట్టు, లోపం సాకెట్ పట్టులోనో, వేడెక్కితేనే మొరాయించే రిలేలోనో మిగులుతుంది. మోగకపోతే పంపు కనెక్టర్ దగ్గర ఓల్టులు చూడాలి. అక్కడ 12 వచ్చి, ఎర్త్ కూడా సరిగ్గా ఉండి పంపు కదలకపోతే అప్పుడు పంపు మార్చమనండి, నాకు అభ్యంతరం లేదు.

వైరును పొరపాటున కాయిల్ రంధ్రంలో పెడితే ఈసీయూకు ముప్పు. గీసుకున్న కాగితం చూసి రెండుసార్లు సరిచూసుకోండి. ఈ వైరుతోనే బండి నడుపుకుంటూ ఇంటికి పోయేవారున్నారు. నేను ఒప్పుకోను. ప్రమాదం జరిగితే పంపును ఆపేవారెవరూ ఉండరు.

ఎండలో మాత్రమే వచ్చే జబ్బు

చల్లగా ఉన్నప్పుడు అన్ని పరీక్షల్లోనూ పాసయ్యే రిలేలు ఉంటాయి. ఎండలో మూసి ఉంచిన కారు లోపల డ్యాష్‌బోర్డు ప్రాంతం 60 డిగ్రీలు దాటడం మన ఊళ్లో వింత కాదు. ఆ వేడికి రిలే లోపలి టంకంలో వెంట్రుకంత పగులు విచ్చుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. 1990ల నాటి కొన్ని జపాన్ కార్ల మెయిన్ రిలేలకు ఈ జబ్బు ప్రపంచమంతా తెలుసు. దీన్ని పట్టుకోవాలంటే బల్బు లోడు మీద ఉండగానే రిలేను తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడిచేయండి, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. బల్బు మిణికితే దొరికిపోయినట్టే. వేడిగాలి చాలు, మంట చూపించకండి.

నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు నొక్కుళ్లకే సరిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. బ్రేకును వదిలి వదిలి తొక్కకుండా ఒకే పట్టున నొక్కి పక్కకు ఆపండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి. ఫ్యూజు డబ్బా తెరవడం మలుపు మీద కాదు, వెడల్పయిన చోటికి చేరాక.

కొత్తది కొనేటప్పుడు

పాతది జేబులో వేసుకుని కొట్టుకు వెళ్లండి. నంబరు, ఓల్టులు, ఆంపియర్లు, పిన్నుల వరుస, బొమ్మ అన్నీ సరిపోలాలి. కంపెనీ సరుకు, నకిలీ సరుకు రెండూ ఒకే అల్మారాలో ఉంటాయి. తేలిగ్గా ఉండి, అచ్చు అక్షరాలు గోటికి రాలిపోతుంటే వదిలేయండి. పెట్టే ముందు సాకెట్ చూడండి. ఆకుపచ్చ చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో కడగండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరిగినట్టుంటే సాకెట్ కూడా మార్పించాలి, లేకపోతే కొత్త రిలే కూడా అలాగే మాడుతుంది.

ద్విచక్ర వాహనాలకు ఒక్క మాట. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలతో చాలా బళ్లకు ఇంజెక్షన్ వచ్చింది. రిలే ఉన్న బళ్లలో అది సీటు కిందో, పక్క ప్యానెల్ వెనకో, బ్యాటరీ దగ్గర ఉంటుంది. పరీక్షలు ఇవే. కాకపోతే మొదట హ్యాండిల్ మీద ఇంజిన్‌ను ఆపే ఎర్ర స్విచ్చు ఆఫ్‌లో లేదని చూసుకోండి.

ఇవన్నీ చేశాక కూడా షెడ్డుకు వెళ్లాల్సివస్తే నాలుగు అంకెలు రాసుకుని వెళ్లండి: బ్యాటరీ ఓల్టులు, 30 దగ్గర ఓల్టులు, కాయిల్ ఓమ్స్, లోడు మీద కాంటాక్టుల మధ్య ఓల్టులు. ఆ చీటీ చూశాక కూడా ఏ కొలతా తీసుకోకుండా ట్యాంకు దించుదామంటే తాళం అడిగి తీసుకోండి, పక్క షెడ్డు ఉంది.